ఏ మాటకు కట్టె ఆగుతుంది

తాండూరు,
9 ఫిబ్రవరి 2025

చెల్లె అంబికా,

నీ ఉత్తరం బాల్‌రాజ్ మామ కందిపప్పు ఆటోలో నలిగి, పొట్టు అంటుకొని వచ్చింది. మీ హాస్టల్‌కు పప్పు వేసి వస్తూ నేరుగా మా బండల పాలిష్ యూనిట్ ముందే ఆపి ఇచ్చాడు. నా పక్క మిషన్ మీద పనిచేసే యోబు చూసి, "ఫోన్లు ఉండంగ చీటీలేందిరా శ్రీశైలం, పోరి గిట్ల దొరికిందా?" అని పళ్లికిలించాడు. మా చెల్లెది అంటే నాలుక కరుచుకున్నాడు. మీ హాస్టల్‌లో ఫోన్ ముట్టనివ్వరని, ఆదివారం వార్డెన్ ఫోన్‌లో మాట్లాడితే వెనక లైనంతా నిలబడి వింటుందని వాడికేం తెలుసు.

"దేశం" అనే మాటకు ఇంట్లో, పనికాడ ఏమేం మాటలు వాడతారో రాసి పంపమన్నావు. మీ తెలుగు సారు అడిగాడన్నావు. పదో తరగతి తప్పినవాణ్ణి పట్టుకొని అడుగుతున్నావు. సరే, రాసుకో.

నాయిన మందను తోలుకొని పోతే "దేశం పోయిండు" అంటాం. ఏ దేశమని ఎవడూ అడగడు. మేత ఉన్నదే దేశం. అమ్మ నన్ను తిట్టేటప్పుడు "దేశాలు పట్కొని తిరుగుతున్నడు" అంటుంది. ఒడిశా నుంచి వచ్చిన పిల్లగాళ్లు సొంత ఊరికి పోయేటప్పుడు "ముల్క్ పోతున్నం" అంటారు. మా ముసలి మెకానిక్ చాచా "వతన్" అంటాడు. అన్నప్పుడల్లా బోల్టులు తిప్పే పాన నేల మీద పెడతాడు. బషీరాబాద్ సంతలో కన్నడం మాట్లాడేవాళ్లు "నాడు" అంటారు. కోడికి కూడా దేశం ఉంది, నాటుకోడి. కోసుకొని తినేదాన్నే మనం ఏ దేశందని గట్టిగా అడుగుతాం. ఇది మీ సారుకు చెప్పు.

మా ఓనరు జెండా పండుగనాడు "దేశం కోసం పని చెయ్యాలె" అని చెప్పాడు. బండల పొడి ముక్కుల్లోకి పోతోంది, మాస్కులు ఇయ్యమన్నాం. అప్పుడు దేశం యాదికి రాలేదు.

చాలా? ఇంకా కావాలంటే తిట్లు రాసి పంపుతాను.

దుమ్ములో మునిగిన మీ అన్న,
శ్రీశైలం

*

వికారాబాద్,
13 ఫిబ్రవరి

అన్నా,

నీ మాటలు అన్నీ రాసుకున్నాను. కోడి మాట చెప్తే క్లాసంతా నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు, బోర్డు మీద రాశాడు. నేను ఇంకొకటి కలిపాను: పరదేశి. నిఘంటువులో చూస్తే వేరే దేశంవాడు అని ఉంది, దిక్కు లేనివాడు అని కూడా ఉంది.

ఆ మాటే ఇప్పుడు హాస్టల్ అంతా తిరుగుతోంది. నా గదిలో నిరోషా అని మర్పల్లి పిల్ల ఉంటుంది. పోయిన ఆదివారం వాళ్లమ్మ వచ్చి చెప్పింది. పరదేశోళ్లు గొంగళ్లు కప్పుకొని పిల్లల్ని ఎత్తుకుపోతున్నారట. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు, అందరి ఫోన్లలో ఉందట. వాళ్ల ఊరి మొగోళ్లు కట్టెలు పట్టుకొని కాపలా కాస్తున్నారట.

అన్నా, నాయిన గొంగడి కప్పుకొనే కదా తిరుగుతాడు. ఈసారి ఎటు పోయాడు? అటు కర్ణాటక దిక్కే పోతే ఆ ఊళ్లలో ఎవరికి తెలుసు ఆయన? పైగా ఆయన పద్ధతి నీకు తెలుసు. మంద పొలిమేర దాటిన దినం నుంచి మళ్లీ తొక్కేదాకా మన ఊరి పేరు నోట రానివ్వడు. పేరు ఎత్తితే గొర్రెలు ఇంటిదిక్కు తిరిగి మేత ముట్టవంటాడు. మనల్ని కూడా అననివ్వడు. చూడు, నేను ఈ ఉత్తరంలో కూడా రాయలేదు.

ఎవరన్నా ఆపి "ఏ ఊరు?" అంటే ఏం చెప్తాడు?

ఫోన్ చేసి కనుక్కో. నాకు అన్నం దిగడం లేదు.

అంబిక

*

తాండూరు,
17 ఫిబ్రవరి

పిరికిదానా,

అన్నం తిను. నాయిన నిన్న మొన్న గొర్రెల వెంట పడ్డవాడు కాదు. బీరప్ప చిన్నాయిన కూడా వెంట ఉన్నాడు. ఇద్దరున్నారు, కుక్క ఉంది. సరిహద్దు దాటి అవతలికే పోయారు, అక్కడ కోతలైన చేన్లు ఉన్నాయి.

ఫోన్ కలవడం లేదు. చార్జింగ్ లేక. ప్రతి ఏడూ అంతే కదా.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. పోయేనాడు నేను కూడా కొట్లాడాను. "గీ ఒక్క ఏడు ఆధార్ కార్డు జేబుల పెట్టుకో నాయినా, దునియా మంచిగ లేదు" అన్నాను. "గొర్రెలు ఆధార్ కార్డు సూసి మేస్తయారా?" అన్నాడు. అమ్మ నవ్వింది. కార్డు తడుస్తుందని పెట్టెలోనే పెట్టిపోయాడు. "అడిగినోళ్లకు ఊరి పేరన్న చెప్పు" అంటే, "మంద యాడుంటె గదే మా దేశమని చెప్త. మీ తాత గట్లనే చెప్పిండు, ఎవ్వడు కొట్టలే" అన్నాడు. తాత కాలంలో ఫోన్లు లేవని చెప్పేసరికి మంద కదిలిపోయింది.

ఇక్కడ కూడా గాలి బాగాలేదు. ఒడిశా పిల్లగాళ్లు మూడు దినాల నుంచి చాయ్ హోటల్‌కు పోవడం లేదు. రోడ్డు మీద ఆపి "ఏ దేశంరా మీది?" అని అడిగారట, మన పక్క వాడకట్టు పోరగాళ్లే. నేను పోయి తిట్టాను. "నీకేందిరా నొప్పి, నువ్వు వాళ్ల దేశపోనివా?" అన్నారు. అక్కడి నుంచి జల్ది జల్ది వచ్చేశాను. కోపానికి అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అనుమానమొస్తోంది.

నువ్వు మాత్రం పరీక్షలకు చదువు.

అన్న

*

వికారాబాద్,
24 ఫిబ్రవరి

అన్నా,

ఆగమాగంగా రాస్తున్నా, బాల్‌రాజ్ మామ ఆటో బయట నిలబడి ఉంది.

నిన్న మధ్యాహ్నం వంట చేసే మొగులమ్మక్క తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. "సూడుండ్రి, దొరికిండట" అంది. బడి వరండాలో స్తంభానికి ఒక మనిషిని కట్టేశారు. గొంగడి ముఖం మీదికి లాగి ఉంది. ముఖం కనబడలేదు. చుట్టూ చాలామంది. "యావూరు? యావూరు నిందు?" అని, ఏ ఊరు నీదని కన్నడంలో అడుగుతున్నారు. ఆ మనిషి మాట్లాడడం లేదు. తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారి, ఎడమకు.

అన్నా, సంతలో నేను మిఠాయి అడిగితే నాయిన అట్లనే ఊపేవాడు.

మళ్లీ అడిగారు. మళ్లీ అట్లనే ఊపాడు. ఒకడు కట్టె లేపాడు. కట్టె లేచిన కాడ వీడియో ఆగిపోయింది. నేను మళ్లీ మళ్లీ పెట్టించుకొని చూశాను. అక్కడికే వచ్చి ఆగుతుంది. మొగులమ్మక్క "ఏమైందే పిల్లా, నీకు తెల్సినోడా?" అంది. కాదన్నాను. ఎందుకు కాదన్నానో తెలియదు. భయమైంది. నాయినను కాదన్నాను.

వార్డెన్ ఫోన్‌తో చేస్తే నీది స్విచాఫ్. అమ్మది మోగింది, ఎత్తలేదు.

అది నాయిన కాదని రాయి. ఒక్క మాట చాలు.

అంబిక

*

మన ఊరు,
25 ఫిబ్రవరి

చెల్లె,

యూనిట్‌కు పోవడం లేదు, ఇంటికాడ ఉన్నా. నాయినకు పానం జర బాగలేక మందను తోలుకొని తిరిగొచ్చాడు. జ్వరం. ఫికర్ లేదు. నా ఫోన్ నీళ్లలో పడి పోయింది.

నువ్వు రాకు. ఇంటికి మంది వస్తున్నారు, పోతున్నారు, నువ్వొచ్చినా చదువు కాదు. పరీక్షలు రాసి వద్దువు.

అమ్మ జాగ్రత్త చెప్పమంది.

శ్రీశైలం

*

వికారాబాద్,
27 ఫిబ్రవరి

శ్రీశైలం అన్నా,

నా ఉత్తరం నీకు అందలేదని ఇది చదివితే అర్థమైంది. బాల్‌రాజ్ మామ తాండూరులో ఇచ్చి ఉంటాడు, నువ్వేమో ఊళ్లో ఉన్నావు. అందుకే ఇంత ధైర్యంగా అబద్ధం రాశావు. నేను వీడియో చూశాను. కట్టేసింది నాయిననే.

జ్వరమొస్తే మంద వెనక్కి వస్తుందా? తాత చనిపోయినప్పుడు కూడా నాయిన నడుమల తిరిగి రాలేదు, చిన్నాయిన ఒక్కడే వచ్చాడు. ఇంటికి మంది ఎందుకొస్తారు, జ్వరమొచ్చినోని కాడికి వస్తారా? మంది ఎప్పుడొస్తారో నాకు తెలియదనుకున్నావా?

నాయిన పోయాడు. నువ్వు నాకు చెప్పడం లేదు. పరీక్షలు రాయమంటున్నావు. ఏ మొకం పెట్టుకొని రాయాలి?

నాయిన బతికే ఉంటే ఒక పని చెయ్యి. నేను హాస్టల్‌కు వచ్చేనాడు గొర్రెపిల్లను వెంట తీసుకుపోతానని ఏడిస్తే నాయిన నా చెవిలో ఒక మాట చెప్పాడు. నీకు తెలియదు, అమ్మకు తెలియదు. ఆ మాట అడిగి రాయి. వచ్చే ఆదివారంలోగా రాకపోతే గోడ దూకి వస్తాను. వార్డెన్ ఏం చేసుకుంటుందో చేసుకోనీ.

అంబిక

*

మన ఊరు,
1 మార్చి

అంబికా,

ముందు నాయిన మాట. "నువ్వొచ్చేదాక ఆ పిల్లకు నీ పేరే పెట్టి పిలుస్త, రోజు తిడుత, నీకు ఆడ తుమ్ములొస్తయ్." ఇదే కదా? చెప్పేటప్పుడు నవ్వాడు. పెదవి పగిలి ఉంది, రక్తం వచ్చింది. బతికే ఉన్నాడు. ఇప్పుడు కూర్చొని చదువు. నీ మొన్నటి ఉత్తరం కూడా యోబు తెచ్చిచ్చాడు, ఇగ ఏదీ దాచను.

23 నాడు పొద్దున బీరప్ప చిన్నాయిన ఎవరిదో ఫోన్ నుంచి చేశాడు. కంది కట్టె కుప్పలో దాక్కున్నానన్నాడు. "అన్నను పట్కపోయిండ్రు కొడుకా, నేను ఉరికిన, నన్ను తిట్టకు" అని ఏడ్చాడు. యోబు బండి తీశాడు. సరిహద్దు దాటి పోతుంటే నాకు ఒక్కటే అనిపించింది, మేం పోయేసరికి ఏం మిగిలి ఉంటుందోనని. యోబు ఏసు పేరు తలుచుకుంటూ బండి నడిపాడు. నాకు ఏ దేవుడి పేరూ రాలేదు.

నువ్వు చూసిన స్తంభమే. బడి మైదానంలో మన మంద నీళ్లు లేక అరుస్తోంది. ఒక గొర్రె అక్కడే ఈనింది, పిల్ల దుమ్ములో పడి ఉంది, తల్లిని దగ్గరికి పోనివ్వడం లేదు. "ఈన మా నాయిన" అన్నాను. "గట్లయితే నువ్వు గూడ ముఠానే" అన్నాడు ఒకడు. నా ఫోన్ గుంజుకొని ఫొటోలు చూశారు. నీ చిన్నప్పటి ఫొటో కనబడింది. "ఈ పోరిని యాడికెళ్లి తెచ్చిన్రు?" అని అడిగారు. చెల్లె అన్నాను. ఫోన్ బండ మీద వేసి కొట్టారు.

"ఏ ఊరు?" అన్నారు నన్ను.

నాయిన గొంగడి సందులోంచి నన్ను చూశాడు. తల ఊపాడు. వద్దు అని. అంత దెబ్బలు తిని కూడా. నాకు ఆ మందిమీద వచ్చినంత కోపం నాయిన మీద కూడా వచ్చింది. ఊరి పేరు అరిచాను. మండలం అరిచాను, జిల్లా అరిచాను, గొంతు పోయేదాకా. ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు. "అందరు ఏదో ఒక ఊరు చెప్తరు" అన్నాడు ఆ కట్టె ఉన్నోడు. మొన్న తాండూరులో మా పోరగాళ్లు ఒడిశా పిల్లగాళ్లను చూసిన చూపే. అప్పుడు అర్థమైంది నాకు, వాళ్లు ఊరి పేరు అడగడం లేదు.

కట్టె నా మీదికి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నా, ప్యాంటు తడిసింది.

అప్పుడే మన గంట మేక, వంకర కొమ్ముది, మంద ముందు నడిచేది, గోడ అవతల తొట్టి వాసన పట్టి తప్పించుకొని ఉరికింది. గంట మోగుతూ పోయింది. గోడ అవతల నీళ్లు చేదుతున్న ఒక ముసలమ్మ దాన్ని కొమ్ము పట్టుకొని లాక్కొచ్చింది. సగం కన్నడం, సగం తెలుగు. "గంట ఇన్నప్పుడే అనుకున్న! పోయినేడు మా హొలంల మంద పెట్టినప్పుడు నా చీర కొంగు నమిలింది ఈ దొంగముండనే!" అంది. అందరూ అటు తిరిగారు. నాయినను చూసింది. గొంగడి తీసి మళ్లీ చూసింది. "నాకు ఈన మొకం యాది లేదు గాని మేక యాదున్నది" అంది.

ఎరువు కోసం రైతులు నాయిన మందను తమ చేన్లో నిలబెట్టుకుంటారు కదా, వాళ్ల చేన్లో పోయినేడు నిలబెట్టారట. ఇగ ఆమె మొదలుపెట్టింది. "మంద పెట్టిచ్చుకున్ననాడు ఏ దేశమోడని అడిగిన్రా? గొర్రెల ఎరువు గావాలె, ఎనకున్న మనిషి వద్దా? నీ చేన్ల గూడ పెట్టిచ్చినవ్ గదరా" అని కట్టె ఉన్నోని మొకం మీదే అడిగింది. వాడు కట్టె కిందికి దించాడు. చూస్తుండగానే అందరూ పోయారు. తప్పయిందని ఒక్కడూ అనలేదు. ఒకడు వచ్చి నాయిన కట్లు విప్పి, తాడు చేతికి చక్కగా చుట్టుకొని పట్టుకుపోయాడు. తాడు వాడిదట.

ఎడమ చెయ్యి విరిగింది, కట్టు కట్టించాం. ఒక చెవి సరిగ్గా వినబడదు. కేసు పెడదామన్నాను. "మళ్ల గా తొవ్వలనే మేపాలె కొడుకా" అన్నాడు. ఇంటికి మంది వస్తున్నారంటే చూసి పోవడానికే.

గోడ దూకకు. కాలు విరుగుతుంది, ఇంట్లో ఒక కట్టు చాలు.

అబద్ధం రాసినందుకు తిట్టు,
అన్న

*

తాండూరు,
15 మార్చి

చెల్లె,

మళ్లీ పనికి వచ్చాను. నీతో ఒక పని పడింది.

నాయిన మళ్లీ పోతానంటున్నాడు. ఇక్కడ గడ్డి లేదు, మొన్న ఒక గొర్రె పడిపోయింది. అమ్మ పోనియ్యనంది. నేను అరిచాను. నాయిన అంతా విన్నాడు, వినబడే చెవితోనే విన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నోటితోని చెప్ప. నువ్వు బండల పని చేస్తవ్ గద, ఒక రాయి మీద చెక్కి గంట మేక మెడల కట్టు" అన్నాడు. భయపడ్డాడని అప్పుడు తెలిసింది నాకు. భయపడ్డ నాయినను నేనెప్పుడూ చూడలేదు, అంబికా. ఏదో పోయినట్టయింది.

పగిలిన బండలోంచి అరచేయంత ముక్క కోశాను, పాలిష్ పట్టాను, బొక్క కొట్టాను. ఊరు, మండలం, ఫోన్ నంబరు చెక్కాను. నాయిన వేళ్లతో తడిమి చూసి, "దేశం పేరు గూడ పెట్టు" అన్నాడు.

అక్కడ ఆగిపోయాను. భారతదేశం పెట్టాలా? ఇండియా అంటే అందరూ చదువుతారని యోబు. హిందుస్తాన్ అని పెట్టమని మెకానిక్ చాచా, మళ్లీ తనే "వద్దు బేటా, నేను చెప్పిన్నని పెట్టకు" అన్నాడు. తెలుగులో పెట్టాలా, కన్నడంలో పెట్టాలా? ఒక్క మాటకే జాగా ఉంది. నీ జాబితా ఇప్పుడు పనికొచ్చింది. మీ సారును అడుగు. ఏ మాట చదివితే లేచిన కట్టె దిగుతుంది? అర్థం వద్దు నాకు. ఇది ఒక్కటి చెప్పమను.

గంట, రాయి రెండూ ఉంటే మేక తల వంచేస్తోంది. అందుకే గంట తీసేశాను.

తొందరగా రాయి.
శ్రీశైలం

*

వికారాబాద్,
19 మార్చి

అన్నా,

సారును అడిగాను. అన్నీ పర్యాయపదాలే, ఏది పెట్టినా ఒకటే అన్నాడు. ఎందుకని అడిగాడు. నాయిన సంగతి చెప్పాను. వరండా, స్తంభం, అంతా. సుద్దముక్క కింద పెట్టి, నాయిన చెయ్యి ఎట్లుందని అడిగాడు.

మొగులమ్మక్కకు కూడా చెప్పాను, ఆ వీడియోలో ఉన్నది మా నాయిన అని. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టింది, తర్వాత ఫోన్ తీసి చెరిపేసింది. ఇంకెన్ని ఫోన్లలో ఉందో.

దేశం పేరు నాకు తోచడం లేదు. నంబరు మాత్రం లోతుగా చెక్కు. కానీ అన్నా, నువ్వు గొంతు పోయేటట్టు ఊరి పేరు అరిస్తే ఎవడన్నా విన్నాడా? ముసలమ్మ ఏది విని వచ్చింది? గంట తీశానని రాశావు, అది చదివినకాడి నుంచి నాకు నిద్ర లేదు. రాయి బరువైతే రాయిని కొయ్యి. గంట మళ్లీ కట్టు. ఆయన పోకముందే కట్టు.

నాయినకు చెప్పు, తుమ్ములు వస్తున్నాయని.

అంబిక

*

తాండూరు,
24 మార్చి

అంబికా,

నీ ఉత్తరం సమయానికే అందింది. ఖాళీగా ఉన్న సగం మిషన్ మీద పెట్టి కోసేశాను. దేశం పెట్టాల్సిన సగం. నాయిన అడిగితే బరువు ఎక్కువైందన్నాను. "గంతే గద" అన్నాడు. గంట మళ్లీ కట్టాను.

ఈ పొద్దున నాయిన, చిన్నాయిన పోయారు. ఆధార్ కార్డు అమ్మ కవరులో చుట్టి ఆయన బనీనుకు లోపల కుట్టింది, తియ్యరాకుండా. పొలిమేర కాడ నాయిన ఆగాడు. మంద మీదికి వంగి, తనకు తనే చెప్పుకున్నట్టు, మన ఊరి పేరు ఒకసారి అన్నాడు. దాటినాక నోరు మూసుకున్నాడు. వెనక్కి చూడలేదు. చెరుకు తోట మలుపు దాకా గంట వినబడింది.

ఇప్పుడు యూనిట్‌లో ఉన్నాను. మిషన్ నడుస్తుంటే ఏమీ వినబడదు. నడుమ నడుమ ఆపి చూస్తున్నా. రాయి మీద నంబరున్న కొత్త ఫోన్ మిషన్ పక్కన బండ మీద పెట్టుకున్నా. ఓనరు తిడుతున్నాడు. తిట్టనీ.

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఎత్తగానే ముందు మాట్లాడు. మోగితే నాకు పానం ఆగుతోంది.

అన్న